రెండు వేళ్ల చప్పట్లు

డీజేలు వాడే పెట్టె కొందామని రియాద్‌లో కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళిన రోజు, నా అబాయా కింద నర్సు యూనిఫారం ఉంది. నైట్ డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని, నిద్ర ముంచుకొచ్చేలోపు పని ముగించుకోవాలని టాక్సీ ఎక్కాను. నలభై దాటిన మనిషిని. కాళ్ళకి తెల్ల బూట్లు, కళ్ళకింద ఉబ్బు. ఈ వాలకంతో డీజే పెట్టె ముందు నిలబడితే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, నా సొమ్మేం పోయింది అనుకున్నాను.

కౌంటర్ వెనక ఒక సౌదీ కుర్రాడున్నాడు. ఇన్ని ఉద్యోగాలు సౌదీలకే ఇవ్వాలనే నితాకత్ రూలు వచ్చాక అలాంటి షాపుల కౌంటర్ల దగ్గర మనవాళ్ళు కనిపించడం మానేశారు. అంతకుముందు ఇదే షాపులో ఒక హైదరాబాద్ భాయ్ ఉండేవాడు, నా ల్యాప్‌టాప్ ఆయన దగ్గరే కొన్నాను. ఈ కుర్రాణ్ణి సౌదీల లెక్క సరిపోవడానికి కూర్చోబెట్టి ఉంటారు, వస్తువు గురించి వీడికేం తెలుస్తుందిలే అని ముందే విసుక్కున్నాను. తీరా చూస్తే మెడలో హెడ్‌ఫోన్స్ వేసుకుని, గాజుబల్ల మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు.

"పెళ్ళిళ్ళకా సిస్టర్? లేడీస్ హాల్‌కా?" అన్నాడు ఇంగ్లీషులో.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అక్కడి పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ హాలు వేరు, మగవాళ్ళ హాలు వేరు. ఆడవాళ్ళ హాల్లో పాటలు పెట్టడానికి ఆడ డీజేలే రావాలి, వాళ్ళకి మంచి గిరాకీ. నన్ను అలాంటి మనిషి అనుకున్నాడన్నమాట. శుక్రవారం పూట ఒక ఇంట్లో తలుపులేసుకుని పాడుకునే కీర్తనల కోసమని ఏ నోటితో చెప్పను? "ఆఁ, లేడీస్ హాల్‌కే" అన్నాను. అతని ముఖం విచ్చుకుంది.

"సాఫ్ట్‌వేర్ ఏది వాడతావు?"

"ముందు పెట్టె చూపించు. సాఫ్ట్‌వేర్ దాంతోనే వస్తుందిగా?"

"లా, లా, ఉఖ్తీ" అని తల అడ్డంగా ఊపాడు. కాదమ్మా సోదరీ అని. కొత్తవాళ్ళంతా ఇక్కడే బోల్తా పడతారట. పెట్టె అందంగా ఉందని కొనేసి, ఇంటికెళ్ళాక అది తమకు కావలసిన పని చేయదని తెలిసి ఏడుస్తారట. పని చేసేది సాఫ్ట్‌వేర్, పెట్టె దానికి చేతులు మాత్రమే అన్నాడు. నా ఫోన్ తీసుకుని మూడు సాఫ్ట్‌వేర్ల పేర్లు టైపు చేశాడు. "మూడూ ఊరికే దించుకోవచ్చు. నీ పని ఏది చేస్తుందో తేల్చుకుని రా. దానికి తగ్గ పెట్టె నేనిస్తా" అన్నాడు. వచ్చిన బేరాన్ని ఇంటికి పంపించే అమ్మకందారుణ్ణి నేనక్కడే చూశాను.

నాకు కావలసిన పని ఒక్కటే. పాటల్లోంచి అక్క గొంతు తీసేయాలి.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. క్లినిక్ వాళ్ళిచ్చిన రెండు మంచాల గదిలో ఒక మంచం ఆవిడది, ఒకటి నాది. ఆవిడది గోదావరి పక్క, మాది గుంటూరు పక్క. నాకంటే బాగా పెద్దది, పెద్ద నర్సు, నోరు కూడా పెద్దదే. నేను పెళ్ళెందుకు చేసుకోలేదని అడగని మనిషి ఆ దేశంలో ఆవిడొక్కతే. డ్యూటీలు కలవకపోయినా నా వాటా కూర గిన్నెలో మూతపెట్టి ఉండేది. నేను అలిగితే "ఓసి నీ దుంపతెగ, తిని అలుగు" అనేది.

శుక్రవారం మధ్యాహ్నం మలాజ్‌లో వదిన ఇంట్లో మా ప్రార్థన కూడిక. వదిన మా జిల్లా మనిషి. ఆవిడ భర్త ఒక కంపెనీలో లెక్కలు చూసేవాడు, ఇద్దరు పిల్లలు. కిటికీలు మూసి, తెరలు దించి, సోఫాలు గోడకి జరిపి చాపలు పరిచేవాళ్ళం. వేరే మతం ప్రార్థన బయటికి వినపడితే అక్కడ నేరం, అందుకని పాడటం గొంతు దించే పాడేవాళ్ళం. చప్పట్లు మాత్రం మాకు ప్రత్యేకం. ఎడమ అరచేతి మీద కుడిచేతి రెండు వేళ్ళతో కొట్టడం. తక్, తక్ అని గదిలోనే ఉండిపోయే చప్పుడు. కొత్తగా వచ్చినవాళ్ళు మన ఊళ్ళోలాగా రెండు చేతులూ కలిపి బాదితే అక్క కళ్ళురిమి చూసేది. సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు ఆదివారం గుళ్ళో కూడా నేను రెండు వేళ్ళతోనే కొడుతున్నానని మా చెల్లెలు నవ్వింది.

అక్క పాడితే మిగతావాళ్ళం అందుకునేవాళ్ళం. పల్లవి చివర ఆవిడ గొంతు పైకి వెళ్ళి అక్కడ ఆగేది, ఊపిరి ఎక్కడ దాచుకునేదో నాకిప్పటికీ తెలియదు. కీబోర్డ్ వాయించేది ఒక అన్న, ఆయనా ఆంధ్రావాడే, భార్యాపిల్లలతో ఉండేవాడు. ఒక్కటే మైకు. అక్కకి దగ్గరి చూపు ఆనదు, కళ్ళజోడు పెట్టుకోమంటే పెట్టుకోదు. అందుకని పాటల పుస్తకం పట్టుకుని పక్కన కూర్చుని, చరణం ఎత్తుకునే ముందు మొదటి మాట అందించడం నా పని. అన్న ప్రతి శుక్రవారం పాటలు రికార్డు చేసి దాచుకునేవాడు.

తర్వాత ఒక్కొక్కరే వెళ్ళడం మొదలైంది. ముందు అక్క. వయసైపోయిందని క్లినిక్ వాళ్ళు కాంట్రాక్టు పొడిగించలేదు, ఇంక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. ఆవిడ మంచం ఖాళీగానే ఉండిపోయింది, కొత్త నర్సుల్ని తేవడం తగ్గించేశారు. తర్వాత కీబోర్డ్ అన్న. భార్యకింత, పిల్లకింత అని నెలనెలా సర్కారుకి కట్టే లెవీ పెరుగుతూ పోయింది. ఎలాగో ఈడ్చుకొస్తుంటే, సౌదీలు చాలినంతమంది లేరని ఆయన కంపెనీ నితాకత్‌లో ఎరుపులో పడింది. ఎరుపులో పడ్డ కంపెనీ ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యూ చేయలేదు. కీబోర్డ్‌ని రెండు దుప్పట్లలో చుట్టుకుని వెళ్ళిపోతూ, "చెల్లెమ్మా, పాటలన్నీ ఇందులో ఉన్నయ్. ఆపమాకండి" అని ఒక పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టాడు.

ఇంటికెళ్ళిన కొన్నాళ్ళకి అక్కకి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గొంతు నరం దెబ్బతింది. ఊపిరితో గుసగుసలాడినట్టు తప్ప మాట రావడం లేదు. మెల్లిగా వస్తుందిలే అక్కా అని ఫోన్‌లో నేను, ఆఁ వస్తుందిలే అని ఆవిడ. ఇద్దరం నర్సులమే. అన్ని నెలలైనా రాని గొంతు ఇంక రాదని ఇద్దరికీ తెలుసు.

"ఏమే, పాటలెలా సాగుతున్నాయ్?" అని అడిగింది ఒకరోజు.

"అన్న ఇచ్చిన పెన్‌డ్రైవ్ పెడతన్నాం అక్కా. అందులో నువ్వు పాడతన్నావ్ గదా, నీతో కలిసి పాడాలంటే మాకు అంత ఎత్తు అందట్లా. పీకలు పోతన్నాయ్. పోయినవారం సగంలో ఆపేసి ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం."

"అయితే నన్ను తీసెయ్యండి."

"అదేం మాటక్కా?"

"నాకే లేని గొంతు మీకెందుకే? తీసేసి, శ్రుతి దించుకుని పాడుకోండి. మా మేనల్లుడి పెళ్ళిలో డీజేవోడు అదే చేసేడు. పాటలోంచి పాడేవోణ్ణి తీసేసి ఉత్త వాయింపు ఏసేడు. ఆ మిషనేదో కొనుక్కో." అక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. "ఒక్కటి మాత్రం చెప్తున్నా. ఆ పాటలు నాకు పంపకు. ఇనిపించకు. ఇనిపించేవా, ఇంక నీ ఫోనెత్తను. ఒట్టు."

అక్క ఒట్టు వేస్తే వేసినట్టే. ఒకసారి ఒక సూపర్‌వైజరుతో మాట్లాడనని ఒట్టు వేసి, ఆవిడ రిటైరయ్యేదాకా చీటీలతో నడిపింది. ఆ ఫోన్ పోతే నాకు తెలుగులో తిట్టే మనిషి మిగలదు. సరేనక్కా అన్నాను.

అలా మొదలైంది ఈ డీజే యవ్వారం. అక్క ఖాళీ మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, నైట్ డ్యూటీ దిగిన పొద్దుటి పూటల్లో ఒక్కో సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టాను. మొదటిది చూడముచ్చటగా ఉంది. పాట రంగురంగుల అలల్లా తెర మీద పారుతుంది. కానీ శ్రుతి మార్చే బటన్ మీద తాళం బొమ్మ. నొక్కితే నెలనెలా కట్టు అంటుంది. నెలనెలా కట్టేవి చాలక ఇదొకటా అని మూసేశాను. రెండోది ఇంకా పెంకిది. దాని జతపెట్టె తగిలిస్తేనే సరిగ్గా మేలుకుంటుంది. చవక పెట్టె తగిలిస్తే సగమే మేలుకుంటుంది, గొంతు తీసే పని ఆ మేలుకోని సగంలో ఉంది. కుర్రాడి మాట వినకుండా ఆ చవక పెట్టె కొనేసి ఉంటే, అక్క గొంతు అలాగే ఉండేది, నా డబ్బులు పోయేవి.

మూడోది చూడ్డానికి పాత టీవీ రిమోట్‌లా చిందరవందరగా ఉంది. పెట్టె లేకుండా మౌసుతో వాడుకుంటే ఊరికే పనిచేస్తుంది. పెట్టె తగిలిస్తే మాత్రం కాసేపు ఆడి మొరాయిస్తుంది, ఒకేసారి కట్టి లైసెన్సు కొనుక్కోవాలి. శ్రుతి కావలసినంత దించుతుంది. ఏ కంపెనీ పెట్టెనైనా ఒప్పుకుంటుంది. పాటని గొంతు వేరు, వాయిద్యం వేరు చేస్తుంది. మొదటిసారి నొక్కినప్పుడు నా ముసలి ల్యాప్‌టాప్ జనరేటర్‌లా రొదపెట్టి, పాటని ముక్కలు చేసి వదిలింది. అప్పటికప్పుడు వేరు చేయమంటే దానికి శక్తి చాలదట. ముందుగానే ఒక్కో పాటని వేరు చేయించి దాచుకుంటే పనవుతుంది. సెలవు రోజుల్లో కూర్చుని ఆ పని చేశాను.

గొంతు తీసేసిన పాట మొదటిసారి విన్నప్పుడు ఏం జరిగిందో దాచడమెందుకు, ఏడ్చాను. కీబోర్డ్ అలాగే ఉంది. అక్క ఉండాల్సిన చోట గచ్చు కడిగేసినట్టుంది. ఎంత తీసినా పల్లవి చివర ఆవిడ ఆగే చోట మాత్రం సన్నగా ఏదో మిగిలిపోయేది, నీళ్ళలోంచి వినిపించినట్టు. అది కూడా పోవాలని రకరకాలుగా తిప్పి చూశాను. పోలేదు. సరే ఉండు, అని వదిలేశాను.

మళ్ళీ షాపుకి వెళ్తే కుర్రాడు గుర్తుపట్టాడు. మూడోదన్నానని సంతోషించి మూడు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. అన్నిటికంటే చిన్నది అరచేతి వెడల్పుంది, చవక. నేను దాని మీద చెయ్యి వేయగానే అడ్డుపడ్డాడు. దానికి హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం లేదు. వచ్చే పాట మన చెవికి ముందు వినిపించకపోతే, తప్పు పాట తగలడి హాలంతా వింటుందన్నాడు. పెద్దది నాలుగు పాటలు ఒకేసారి ఆడించేది, దాన్ని మోయడానికే ఒక మనిషి కావాలి. మధ్యది తీసుకున్నాను. ఎడమ ఒక చక్రం, కుడి ఒక చక్రం, అంటే రెండు పాటలు. స్పీకర్‌కి ఒక దారి, హెడ్‌ఫోన్‌కి ఇంకో దారి. చక్రాల కింద వెలిగే రబ్బరు బటన్లు.

"ఈ చక్రాలతో నాకు పనిలేదు" అన్నాను.

"వల్లా, పని వస్తుంది" అని దేవుడి మీద ఒట్టేసి, హెడ్‌ఫోన్స్ నా తలకి కాకుండా తన తలకే పెట్టుకుని చూపించాడు. ఒక చెవి కప్పి, ఒక చెవి వదిలేశాడు. హాల్లో ఆడుతున్న పాట ఒక చెవికి, ఇంకా వదలని పాట ఇంకో చెవికి. రెండోది ముందుకు పోతుంటే చక్రాన్ని వేలితో కొంచెం వెనక్కి తోస్తావు. రెండూ ఒకే అడుగు వేసేదాకా. "ఒక చెవి వాళ్ళకి, ఒక చెవి నీకు" అన్నాడు. తన పిన్ని కూతురి పెళ్ళికి వస్తావా అని కూడా అడిగాడు. డ్యూటీ ఉందని చెప్పి బయటపడ్డాను.

ఎడమ చక్రం కింద మొదటి బటన్‌కి గొంతు, రెండో బటన్‌కి వాయిద్యం వచ్చేలా సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్నాను. బటన్ వెలుగుతుంటే ఆ భాగం వినిపిస్తున్నట్టు, ఆరిపోతే తీసేసినట్టు. మొదటిది ఆర్పి, రెండోది వెలిగించి ఉంచితే అక్క లేని పాట వస్తుంది. శ్రుతి దించితే మాలాంటి గొంతులకి అందుతుంది. మొదటి శుక్రవారం వదిన ఇంట్లో పెట్టెని పీట మీద పెట్టి పాట వదిలితే, అందరూ చివరిదాకా పాడారు. "బతికించావే తల్లీ" అంది వదిన. ఆ తర్వాతి వారం ఇద్దరు ఎక్కువ వచ్చారు. అక్కకి ఫోన్ చేసి చెప్తే "చూసేవా, నా అడ్డు పోయింది" అంది. అలా అంటుంటే నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక వంటింట్లోకెళ్ళి గిన్నెలు తోమాను.

ఇక ఆ శుక్రవారం. ముందు రాత్రంతా మా క్లినిక్ వాళ్ళ పెద్దాసుపత్రి ఐసీయూలో ఒకరికి బదులు డ్యూటీ చేశాను. అక్కడ మానిటర్ల మీద గంట బొమ్మ బటన్ ఉంటుంది. అలారం మోగినప్పుడల్లా దాన్ని నొక్కాలి. నొక్కితే లైటు వెలుగుతుంది. లైటు వెలిగిందంటే శబ్దం ఆగిందని అర్థం, లైటు లేకపోతే శబ్దం వస్తుందని అర్థం. తెల్లవార్లూ అదే పని చేసి, కునుకు కూడా తీయకుండా మలాజ్ వచ్చి పెట్టె ముందు కూర్చున్నాను. పాట వదలబోతూ బటన్ల వంక చూశాను. గొంతు బటన్ ఆరి ఉంది. అయ్యో, అక్క గొంతు వచ్చేస్తుంది అనుకుని నొక్కాను, వెలిగింది. వాయిద్యం బటన్ వెలుగుతోంది. అరె, కీబోర్డ్ ఆగిపోయి ఉంది అనుకుని నొక్కాను, ఆరింది. మా ఆస్పత్రి చేతులకి అదే సరి. హాయిగా పాట వదిలాను.

కీబోర్డ్ లేదు. అక్క పాడుతోంది.

దించిన శ్రుతిలో, ఆవిడ గొంతు కొంచెం బరువుగా, నిద్రలేచి పాడినట్టుంది. ఒంటి గొంతు. గదిలో అందరూ నోళ్ళు తెరిచి ఉన్నారు, ఒక్కరూ పాడలేదు. ఆపాలని నా చెయ్యి బటన్ దాకా వెళ్ళి ఆగిపోయింది. వదిన కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఉంచు, ఆపొద్దు" అంది. పల్లవి చివర అక్క పైకెళ్ళి అక్కడ ఆగింది. నీళ్ళలోంచి వినిపించినట్టుందని తీసేయాలని నేను నానా తంటాలూ పడింది ఆ చోటే.

అక్కని ఎప్పుడూ చూడని ఒక చిన్న నర్సు నా చెవి దగ్గరకొచ్చి, "ఎవరక్కా ఈ ఇద్దరూ?" అంది.

"ఇద్దరేంటి? ఒక్కతే."

"లేదక్కా. ఇంకో ఆవిడ కూడా ఉంది, కింద. ఇనండి."

విన్నాను. అక్క గొంతుకి ఆనుకుని, చరణం మొదటి మాట కాస్త ముందే అందుకుంటూ, ఇంకో గొంతు. నాదే. పుస్తకం పట్టుకుని, ఒకే మైకు ముందు, ఆవిడ భుజానికి భుజం ఆనించి కూర్చున్న నేను. కీబోర్డ్ కింద ఇన్నాళ్ళూ వినపడలేదు.

ఆ రోజు ఇంకేం పాడలేదు. టీ తాగి లేచారు. వాళ్ళంతా చెప్పులు వేసుకుంటుంటే వదిన నన్ను వంటింట్లోకి పిలిచి, పిల్లల పరీక్షలు కాగానే తను పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతున్నానని చెప్పింది. లెవీ కట్టి కట్టి ఆయన అలిసిపోయాడు, ఇల్లు ఖాళీ చేసి ఎక్కడో షేరింగ్ రూములో మంచం తీసుకుంటాడు. "నీకే ముందు చెప్తున్నా" అంది. "పెట్టె ఈ ఇంట్లోనే ఉంచుదామనుకున్నా వదినా" అన్నాను. ఎంత తెలివితక్కువ మాట.

పరీక్షలయ్యాయి. చాపలు చుట్టేశారు. పెట్టె నా గదికొచ్చింది, అక్క మంచం మీదకి. ఆ తర్వాత శుక్రవారాలు ఎలా గడిచాయంటే, గడవలేదు. బట్టలు ఉతుక్కున్నాను. ఉతికినవే మళ్ళీ ఉతికాను. మధ్యాహ్నం ఆ వేళకి కాళ్ళు వాటంతటవే చెప్పుల దాకా వెళ్ళేవి. గదిలో ఏసీ చప్పుడు తప్ప మనిషి చప్పుడు లేదు. నాకు భయం వేసింది. చచ్చిపోతానని కాదు, ఇలాగే బతికేస్తానేమోనని.

అక్క గొంతొక్కటే విడిగా తీసి పెట్టుకుందామని చూశాను. నాది చెరిపేసి ఆవిడది మాత్రం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవన్నీ నొక్కాను. గొంతు నుంచి కీబోర్డ్‌ని విడదీస్తుంది, తాళాన్ని విడదీస్తుంది. గొంతు నుంచి గొంతుని విడదీయడం దానికి చేతకాదు. అక్క ఎక్కడుంటే నేనక్కడ అంటుకుని ఉన్నాను.

అలాంటి ఒక శుక్రవారం మధ్యాహ్నం అక్కకి ఫోన్ చేశాను. ఫోన్ ఇయర్‌ఫోన్ తీగ మీద ఉండే మైకుని, మా క్లినిక్ ప్లాస్టర్‌తో స్పీకర్‌కి అంటించాను. ఒక చెవిలో అక్క.

"అక్కా, ఒకటి వినిపిస్తా. ఇష్టం లేకపోతే ఫోన్ పెట్టెయ్. రేపట్నుంచి ఎత్తకపోయినా సరే."

"ఒట్టేసేను గదే."

"వేశావ్. తెలుసు."

అని, ఇంకేమీ వినకుండా పాట వదిలేశాను. గొంతు బటన్ వెలుగుతోంది, వాయిద్యం బటన్ ఆరి ఉంది. ఈసారి చూసుకునే పెట్టాను. శ్రుతి కూడా దించలేదు, ఆవిడ పాడిన ఎత్తులోనే. అవతల ఏ చప్పుడూ లేదు. ఫోన్ పెట్టేసిందేమోనని తెర చూశాను, కాల్ నడుస్తోంది. పల్లవి అయింది. రెండో చరణం అయింది. పాట అయిపోయింది.

అప్పుడు ఆ గుసగుస వచ్చింది. "రెండో చరణంలో తొందరపడ్డావే నువ్వు. ఎప్పుడూ అంతే. నేను నోరు తెరవకముందే ఎత్తుకుంటావు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నన్ను తీసేసి నిన్నొక్కదాన్నే పెడదామనుకున్నా అక్కా. రావట్లా. మనిద్దర్నీ విడదీయడం దీనికి చేతగావట్లా."

"తీస్తే ఊరుకుంటానా" అంది. కాసేపు ముక్కు ఎగబీల్చుకుంది. "మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాను. పల్లవి సగంలో చెవిలో ఏదో చప్పుడు. తక్, తక్. ఫోన్ చెడిందేమో అనుకున్నాను. కాదు. అరచేతి మీద రెండు వేళ్ళు. ఆ ఊళ్ళో, తన ఇంట్లో, ఎవరికీ భయపడక్కర్లేని చోట, అక్క రెండు వేళ్ళతోనే కొడుతోంది.

కానీ తాళం తప్పుతోంది. నా పాటకంటే ఆవిడ చప్పట్లు వెనకబడి వస్తున్నాయి. అక్కకి తాళం తప్పడమేంటి అనుకుని, తర్వాత తెలిసింది. పాట అక్కడికి చేరాలి, చప్పుడు ఇక్కడికి రావాలి, ఆ ఆలస్యం ఫోన్‌ది. ఎడమ చక్రాన్ని వెనక్కి తోశాను. లాభం లేదు, పాట వెనక్కి జరిగితే ఆవిడా అంతే వెనక్కి జరుగుతోంది. నేను ఎక్కడున్నా ఆవిడ నాకంటే ఒక అడుగు వెనకే.

అప్పుడు కుర్రాడు గుర్తొచ్చాడు. ఒక చెవి వాళ్ళకి, ఒక చెవి నీకు. అదే పాటని కుడివైపు కూడా ఎక్కించాను. ఎడమది స్పీకర్లోంచి అక్కకి. కుడిది హెడ్‌ఫోన్‌లో నాకు మాత్రమే. ఒక చెవిలో అక్క చప్పట్లు, రెండో చెవిలో నా పాట. నాకు పనిలేదన్న ఆ కుడి చక్రాన్ని వేలితో కొంచెం కొంచెంగా వెనక్కి తోస్తూ పోయాను. ఇంకొంచెం. ఇంకొంచెం. చప్పట్లు వచ్చి పాట మీద సరిగ్గా పడ్డాయి.

వేలు తీసేసి కదలకుండా కూర్చున్నాను. రెండో చరణం వస్తోంది. నాకూ పాడాలని గొంతు దాకా వచ్చింది. పెదవులు బిగబట్టుకున్నాను. నోరు తెరిస్తే మళ్ళీ ఆవిడకంటే ముందే ఎత్తుకుంటానని భయం.